నల్లరేగడిలో వాన నీటి ట్యాంకుకు దిమ్మె ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అందుకని వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడే వాన నీళ్ళు పట్టుకుని వంటకూ తాగడానికీ వాడుకుందామని 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు కొంటున్నాం. పెరడంతా నల్లరేగడి. బేల్దారి మేస్త్రి అడుగు లోతు తవ్వి, ఇసుక పోసి, పైన తొమ్మిది అంగుళాల మందాన కాంక్రీటు వేస్తే ఏనుగు నిలబడ్డా కదలదంటున్నాడు. మా బావగారేమో చీమకుర్తి నుంచి గ్రానైటు పలకలు తెప్పించి రెండు ఇటుక గోడల మీద పరిస్తే చౌకలో పోతుందంటున్నారు. వేపచెట్టు నీడలో పెడితే నీళ్ళు చల్లగా ఉంటాయని మా ఆలోచన. మేలో పని మొదలుపెట్టాలి. ఏ పద్ధతి మంచిది? సామాను ఎంత పడుతుంది?

సమాధానం: ముందు ఏనుగు సంగతి తేల్చేద్దాం. మీ ట్యాంకు నిండితే అయిదు టన్నులు. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆరడుగుల వెడల్పున్న ట్యాంకు అడుగు భాగం మీద పరుచుకున్నాక చదరపు మీటరుకు రెండు టన్నుల లోపే. ట్యాంకు ఎంత పెద్దదైనా నేల మీద పడే ఒత్తిడి అందులోని నీటి ఎత్తును బట్టే ఉంటుంది. రెండు మీటర్ల నీళ్ళుంటే రెండు టన్నులు, అంతే. మీ ఇంటి గోడ పునాది కింద పడే ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు. కాబట్టి దిమ్మె కిందికి కుంగిపోతుందేమో అన్నది మీరు పడాల్సిన బెంగ కాదు.

రేగడితో చిక్కు వేరే. మేలో మీ చేలో నెర్రెలు చూసే ఉంటారు, చెయ్యి దూరిపోయేంత. అక్టోబరు వానలకు అవే నెర్రెలు మూసుకుపోతాయి. అంటే మట్టి ఉబ్బింది. అలా ఉబ్బేటప్పుడు రేగడి పైకి తోసే ఒత్తిడి చాలాచోట్ల చదరపు మీటరుకు అయిదు టన్నుల నుంచి పాతిక టన్నుల దాకా ఉంటుంది. మీ ట్యాంకు రెండు టన్నులతో కిందికి నొక్కుతుంటే నేల అయిదు టన్నులతో పైకి తోస్తుంది. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. అందుకే మూడంతస్తుల మేడ నిలబడ్డ రేగడిలో వాకిట్లో వేసిన గచ్చు, ప్రహరీ గోడ పగులుతుంటాయి. తేలికైనదానికే ఈ నేలలో ఇబ్బంది ఎక్కువ.

ఇంకోమాట. తడి అన్నివైపులా ఒకేసారి రాదు. వానలు మొదలవగానే దిమ్మె అంచుల కింద మట్టి ముందు తడిసి లేస్తుంది, నడుమ ఎండగానే ఉంటుంది. అప్పుడు స్లాబు పళ్ళెంలా వంగాలని చూస్తుంది. ఎండాకాలం అంచులు ముందు ఎండి దిగుతాయి, నడుమ ఇంకా తడి ఉంటుంది. అప్పుడు బోర్లించిన పళ్ళెంలా వంగాలని చూస్తుంది. ఏటా ఒకసారి అటు, ఒకసారి ఇటు. అడుగున ఒక్కటే వరస ఇనుము వేసిన స్లాబు, తొమ్మిది అంగుళాలదైనా సరే, రెండో వంపుకు పైన పగులుతుంది. ఆరంగుళాల స్లాబులో పైనా కిందా రెండు మ్యాట్లు, అంటే ఇనుప ఊచలు అడ్డం నిలువు కట్టిన వలలు, వేస్తే నిలుస్తుంది. మందం తగ్గించి మిగిల్చిన సిమెంటు డబ్బులు కింది గుంట పనికి పెట్టండి.

గుంటలో ఇసుక మాత్రం వద్దు. రేగడిలోంచి నీళ్ళు తొందరగా కిందికి ఇంకవు, ఇసుకలో చేరినవి అక్కడే నిలిచిపోతాయి. రేగడి మధ్య ఇసుక గుంట అంటే నీళ్ళ తొట్టి కట్టినట్టే. నవంబరులో నిండిన నీళ్ళు సంక్రాంతి దాటినా చుట్టూ ఉన్న మట్టిని తడుపుతూనే ఉంటాయి. మీ మేస్త్రి చెప్పింది ఎర్రనేలకు సరిపోతుంది. రేగడిలో నింపాల్సింది గ్రావెల్, అదీ కాస్త జిగురుండి ఉబ్బని ఎర్ర గ్రావెల్.

గ్రావెల్ మంచిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్కను నిలువుగా రెండు చీలికలు చేసి, ఒక చీలిక లోపల నూనె రాయండి. గ్రావెల్లోంచి రాళ్ళు ఏరేసి మిగిలిన మట్టిని చపాతీ పిండిలా తడిపి అందులో నిండా మెత్తండి. రెండు రోజులు నీడలో, తర్వాత రెండు రోజులు ఎండలో ఉంచండి. ఆరిన కడ్డీ అర అంగుళం లోపు కురచైతే గ్రావెల్ తీసుకోండి. అంగుళం దాటి కురచై విల్లులా వంగితే అందులో రేగడి కలిసి ఉన్నట్టే, ట్రక్కు వెనక్కి పంపండి. పోలికకు పక్క చీలికలో మీ పెరటి మట్టినీ మెత్తి చూడండి. ఈ సమాధానమంతా ఎందుకు రాశామో ఆ రెండో కడ్డీయే చెబుతుంది.

వేపచెట్టు నీడ కూడా మానుకోండి. ఎండాకాలంలో వేప వేళ్ళు చుట్టూ ఉన్న రేగడిలోంచి తడినంతా లాగేస్తాయి. చెట్టు వైపు నేల దిగుతుంది, అవతలి వైపు దిగదు, ట్యాంకు చెట్టు మీదికి ఒరుగుతుంది. చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో దిమ్మె ఉండాలి. పైగా ఆకూ పూతా అంతా డాబా మీద రాలి పైపుల్లోకి చేరుతుంది. ఎండ సంగతంటారా, ట్యాంకు మీద తాటాకు పందిరి వేసుకోండి. ఇంటి గోడకు కూడా నాలుగడుగులు ఎడం ఇవ్వండి. దిమ్మెను ఇంటి గచ్చుతో కలిపి పోయవద్దు. రెండూ వేర్వేరుగా కదులుతాయి, కలిపిన చోట తెగుతుంది.

గ్రానైటు పలకల విషయంలో మీ బావగారి లెక్కకు ఒక అడ్డంకి ఉంది. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు అంతటా ఆని ఉండాలి. రెండు గోడల మీద పలకలు పరిస్తే పలకకూ పలకకూ మధ్య సందు, ఎత్తుపల్లం తప్పవు. ఆ అంచు మీదే ట్యాంకు అడుగు నలుగుతుంది. గ్రానైటు గట్టిదే కానీ వంగదు. నడుమ బరువు పడితే హెచ్చరిక లేకుండా విరుగుతుంది. నాపరాళ్ళయితే ఇంకా తొందరగా. కింద గోడలు రెండూ రేగడి మీదే కదా, వాటిలో ఒకటి లేస్తే పలకలన్నీ ఊగుతాయి. చీమకుర్తి పలక ముక్క ఒకటి మాత్రం తెప్పించుకోండి, బిందె పెట్టే చోటికి పనికొస్తుంది.

ఇక పని. ట్యాంకు అడుగు వ్యాసం కొనే చోట టేపుతో కొలుచుకోండి, కంపెనీని బట్టి మారుతుంది. ఆరడుగులనుకుంటే స్లాబు 8 అడుగులకు 8 అడుగులు. గుంట అంతకంటే నాలుగువైపులా అడుగున్నర పెద్దది, అంటే 11కు 11, లోతు 3 అడుగులు. తవ్విన రేగడిని గుంట పక్కన పోగేయకుండా చేలోకి తోలేయండి. మళ్ళీ గుంటలోకి జారితే కష్టమంతా వృథా.

మీరు మేలో తవ్వుతున్నారు కాబట్టి అడుగున నెర్రెలు ఉంటాయి. అలాగే గ్రావెల్ వేసేస్తే మొదటి వానకు అడుగు ఒక్కసారిగా లేస్తుంది. గుంటలో నీళ్ళు చల్లి తడి గోనె పట్టాలు పరచి, పైన టార్పాలిన్ కప్పి, ఒక వారం నెర్రెలు మూసుకునేదాకా చెమ్మగా ఉంచండి. బురద కాకూడదు. అడుగు పెడితే అచ్చు పడాలి, కాలికి అంటకూడదు. మా మటుకు మాకైతే జనవరి చివరనో ఫిబ్రవరిలోనో ఈ పని పెట్టుకోవడం మేలనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల తడి నేలలో సగం మిగిలి ఉంటుంది, ఎండలు ముదరవు. కానీ ఈ ఏడు వాన నీళ్ళు పట్టాలంటే మే తప్పదు.

గ్రావెల్ ఎనిమిది అంగుళాలు వదులుగా పరచి ఆరంగుళాలయ్యేదాకా దిమ్మిస కొట్టాలి. అద్దెకు దొరికే ప్లేటు కంపాక్టరు అయితే పొర పొరకూ నాలుగు సార్లు తిప్పండి. తడి సరిపోయిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు గ్రావెల్ తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కావాలి. ఆ ముద్దను నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిపొడిగా చెదిరితే నీళ్ళు చాలలేదు, విరగకుండా అణిగి అతుక్కుంటే ఎక్కువైంది. గుంట నిండా ఒక్కసారే పోసి పైన నీళ్ళు వదిలితే దిగుతుంది అనేవాళ్ళుంటారు. ఆ నీళ్ళు కిందున్న రేగడికే చేరతాయి. నేలమట్టం దాటాక ఇంకో ఆరంగుళాలు పోసి అంచులు వాలుగా దిద్దండి. మొత్తం ఏడు పొరలు. దిమ్మిస కొడితే తగ్గేది కలుపుకుని సుమారు 550 క్యూబిక్ అడుగులు కావాలి. ట్రాక్టరు ట్రక్కుకు వంద అడుగులనుకుంటే అయిదారు ట్రక్కులు.

దాని మీద 8½ అడుగుల చదరంగా 3 అంగుళాల బెడ్ కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళు, ఒకటిన్నర అంగుళాల కంకర. రెండు బస్తాల లోపు సిమెంటు, 9 క్యూబిక్ అడుగుల ఇసుక, 17 అడుగుల కంకర చాలు. ఇది మ్యాటు కట్టుకోవడానికి చదునైన చోటు కోసమే కాబట్టి నునుపు చేయనక్కర్లేదు. మూడు రోజులు తడిపి వదిలేయండి.

అసలు స్లాబుకు ఇనుము 8 ఎం.ఎం., ఆరంగుళాల ఎడం, రెండు వైపులా. ఒక్కో ముక్క 2.3 మీటర్లు. ఒక మ్యాటుకు 16 అటు, 16 ఇటు, రెండు మ్యాట్లకు 64 ముక్కలు. 12 మీటర్ల ఊచలో అయిదు ముక్కలు వస్తాయి కాబట్టి 13 ఊచలు, సుమారు 62 కిలోలు. బైండింగ్ వైరు కిలో. కింది మ్యాటు కింద 40 ఎం.ఎం. కవర్ బిళ్ళలు పెట్టాలి. రాళ్ళ ముక్కలు పెడితే కాంక్రీటు పోసేటప్పుడు దొర్లిపోయి మ్యాటు నేలకు ఆనుతుంది. పై మ్యాటు కింది దాని మీద ఒకటిన్నర అంగుళాల ఎత్తు కుర్చీల మీద నిలబడాలి, రెండడుగులకొకటి. కూలీలు దాని మీద నడిచి అణిచేస్తే పై మ్యాటు ఉండీ లేనట్టే. నడవడానికి అడ్డంగా సెంట్రింగ్ చెక్కలు వేయించండి. నాలుగు మూలలా 12 ఎం.ఎం. కొక్కేలు మ్యాటుకు కట్టి పైకి వదలండి, వాటి పని తర్వాత చెబుతాం.

కాంక్రీటు 1:1½:3. ఏడు బస్తాల సిమెంటు, 13 అడుగుల ఇసుక, 26 అడుగుల ముప్పావు అంగుళం కంకర. మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) లేకుండా చేత్తో కలిపితే ఒక బస్తా అదనం. కొలతకు బొచ్చెలు నమ్మవద్దు, ఒకడు గోపురంగా నింపుతాడు, ఒకడు వెలితిగా నింపుతాడు. 20 లీటర్ల పెయింటు బకెట్టు తీసుకోండి. బస్తా సిమెంటుకు ఇసుక రెండున్నర బకెట్ల పైచిలుకు, కంకర అయిదుంబావు, నీళ్ళు బకెట్టుంబావు, అంటే 25 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి ఉంటుంది కాబట్టి మూడు బకెట్లు వేసి, నీళ్ళు మూడు నాలుగు లీటర్లు తగ్గించాలి. పని ఎక్కువగా చెడేది ఈ నీళ్ళ దగ్గరే. జారుడుగా ఉంటే పరవడం సులువని ఇంకో అరబకెట్టు పోస్తారు. ఆ నీళ్ళు ఆరిపోయాక కాంక్రీటులో సన్నటి గొట్టాలు మిగులుతాయి, బలం పోతుంది, తడి ఇనుము దాకా దిగుతుంది. పక్కనే నిలబడి లెక్క పెట్టండి, మేస్త్రి నొచ్చుకున్నా ఫర్వాలేదు.

కలిపే నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నా కాంక్రీటుకు హాని లేదు. ఉప్పు ఉంటేనే ఇబ్బంది. ఇనుమున్న కాంక్రీటుకు లీటరు నీటిలో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదు. నోట పోసుకుంటే ఉప్పగా తగిలే బోరు నీళ్ళు వాడకండి, ట్యాంకరు తెప్పించుకోండి.

పొద్దున్నే మొదలుపెట్టి పదింటికల్లా పోసేయండి. మే గాడ్పులో మధ్యాహ్నం పోస్తే గంటలోనే పైన సాలెగూడులా సన్నటి బీటలు వస్తాయి. ముందు బెడ్డును తడపండి, కానీ నీళ్ళు నిలవకూడదు. పోస్తున్నంతసేపూ వైబ్రేటరో, లేదంటే ఊచతో పొడవడమో ఉండాలి, అంచుల్లో మరీ. లెవల్ పైపుతో నాలుగు మూలలూ ఒకే మట్టానికి పెట్టి, మట్టపు బద్దతో లాగి, చెక్కతాపీతో ఆపేయండి. నున్నగా రావాలని పైన పొడి సిమెంటు చల్లుతారు. అది పొరలా లేచిపోతుంది, చల్లనివ్వద్దు. నీళ్ళు పోవాలని ట్యాంకు కూర్చునే చోట వాలు ఇవ్వకండి. ఆరడుగుల బద్ద పెడితే కింద బస్సు టికెట్టు మందం కంటే సందు కనబడకూడదు. వాలేదైనా ట్యాంకు అంచు బయటే.

మర్నాడు పొద్దున అంచుల వెంట మట్టితో మడి కట్టి రెండంగుళాల నీళ్ళు నిలపండి, పద్నాలుగు రోజులు. ఇప్పుడు దొరికే సిమెంటులో ఎక్కువ భాగం బూడిద కలిసిన పీపీసీయే, దానికి వారం తడి చాలదు. ఖాళీ ట్యాంకును అది అయ్యాక ఎక్కించవచ్చు. నీళ్ళు నింపేది ఇరవై ఎనిమిదో రోజు తర్వాతే. ట్యాంకు పెట్టే ముందు స్లాబును చీపురుతో ఊడ్చి, అరచేత్తో అంతా తడమండి. చేతికి గుచ్చుకున్న చిన్న కంకర పలుకే రేపు అయిదు టన్నుల కింద ట్యాంకు అడుగుకు గుచ్చుకుంటుంది.

స్లాబు చుట్టూ రెండడుగుల వెడల్పున, బయటికి వాలుగా సన్న గచ్చు వేయించండి. స్లాబుకు అతికించకుండా మధ్య అర అంగుళం సందు వదిలి తారుతో నింపండి. గుంట అంచుల్లోంచి వాన నీరు దిగకుండా ఆపేది ఇదే. కుళాయి కింద మాత్రం గచ్చు వదిలి, ఆ మేర గ్రావెల్ చెక్కి, మీ గ్రానైటు పలకను నేలమట్టానికి వేయండి. స్లాబు నేల నుంచి పదిహేనంగుళాల ఎత్తున ఉంటుంది, కుళాయి ఇంకో మూడంగుళాల పైన. బిందె హాయిగా పడుతుంది. అక్కడ ఒలికిన నీళ్ళకు చిన్న కాలువ తప్పనిసరి.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి, పొంగి పొర్లే నీళ్ళు. మీ డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు, ఆవిరీ తడీ పోను 80 చేతికొస్తాయి. అంటే 63 మిల్లీమీటర్లకే ట్యాంకు నిండుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వచ్చి రోజుకు వంద మిల్లీమీటర్లు కురిసిందనుకోండి, 3,000 లీటర్లు పొర్లుతాయి. పొర్లేది ఎక్కడ? సరిగ్గా దిమ్మె పక్కన. పై నుంచి వచ్చే పైపు నాలుగంగుళాలైతే పొర్లు పైపు కూడా నాలుగంగుళాలే ఉండాలి. అది కనీసం ఇరవై అడుగులు అవతలికి, పల్లం వైపుకి పోవాలి. ఇంకుడు గుంత కూడా అంత దూరంలోనే. ట్యాంకు పక్కనే ఇంకుడు గుంత తవ్వడం అలవాటుగా చూస్తుంటాం. ఎర్రనేలలో చెల్లుతుంది గానీ రేగడిలో దిమ్మెను చేజేతులా లేపుకోవడమే. మొదటి వాన మురికి వదిలే పైపు నీళ్ళకూ ఇదే నియమం.

ఆ తుపాను గాలికే కొక్కేలు. 5,000 లీటర్ల ఖాళీ ట్యాంకును గాలి దొర్లించుకుపోగలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అడుగు ఎత్తు నీళ్ళు, అంటే 800 లీటర్లు, ఎప్పుడూ ఉంచండి. హెచ్చరిక వచ్చినప్పుడు కొక్కేలకు వెడల్పాటి బెల్టులు బిగించండి. సన్న తాడయితే ట్యాంకును కోస్తుంది.

పైపులు బిగదీయకండి. ఎంత బాగా కట్టినా దిమ్మె అర అంగుళం అటూ ఇటూ అవుతుంది. డాబా పైపు ట్యాంకు మూతలోకి వదులుగా దిగాలి, జాలీ కట్టి. కింద కుళాయి వైపు యూనియను (విప్పి బిగించుకునే అతుకు), ఆ తర్వాత అడుగు పొడవు వంగే గొట్టం పెట్టండి. అవి లేకపోతే ట్యాంకుకు పైపు చేరే చోటే మొదట చిట్లుతుంది. ఆ కారే నీళ్ళు మళ్ళీ ఒకే పక్క రేగడిని తడుపుతాయి.

మీ చుట్టాలెవరైనా కావలి వైపు ఎర్రనేలలో కడితే ఇంత తవ్వనక్కర్లేదు. అడుగు లోతు, దిమ్మిస, బెడ్డు, అయిదంగుళాల స్లాబు, 8 ఎం.ఎం. మ్యాటు ఒకటి. కొత్తపట్నం లాంటి తీరప్రాంతపు ఇసుక నేలలో అయితే స్లాబు అంచు నాలుగువైపులా అడుగు లోతుకు దించాలి. లేకపోతే పొర్లిన నీళ్ళు కింద ఇసుకను కోసుకుపోతాయి.

కట్టాక నాలుగు మూలల మట్టం ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏటా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి లెవల్ పైపుతో చూడండి. మూలకూ మూలకూ అర అంగుళం తేడా వచ్చి మళ్ళీ పోతుంటే అది రేగడి మామూలు కదలికే. తేడా అంగుళం దాటి ఒకే వైపు పెరుగుతుంటే ట్యాంకు సగానికి దించి, ఆ వైపు నీళ్ళు ఎక్కడి నుంచి చేరుతున్నాయో వెతకండి. ముందు కుళాయి కింది కాలువ, తర్వాత పొర్లు పైపు అతుకులు.